యాపిల్: ఎద్దుబండి ఫొటోలో కనిపించని సంగతులు

ఇస్రో 1981లో పంపిన సమాచార ఉపగ్రహం యాపిల్ అనగానే అందరికీ దాన్ని ఎద్దుబండి మీద పెట్టిన ఫొటోనే గుర్తొస్తుంది. లారీకి డబ్బుల్లేక బండెక్కించారని దాని కింద రాస్తుంటారు. అది నిజం కాదు. యాంటెన్నా ఏ దిక్కుకు ఎంత బలంగా సంకేతం పంపుతోందో కొలిచేటప్పుడు దగ్గర్లో లోహం ఉండకూడదు. ఇనుప లారీ మీద పెడితే తరంగాలు దానికి తగిలి వెనక్కొచ్చి అసలు కొలతలో కలిసిపోతాయి. ఆరుబయట చెక్కబండి మీదైతే ఆ బెడద ఉండదు. పేదరికానికి గుర్తుగా చూపించే ఆ ఫొటో నిజానికి ఒక మంచి ఇంజనీరింగ్ నిర్ణయం.

1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మోసింది 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని. యాపిల్ బరువు 670 కిలోలు, చేరాల్సింది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు. అంత శక్తి ఉన్న రాకెట్ మనకు అప్పటికి లేదు. యూరప్ వాళ్లు తమ కొత్త రాకెట్ ఏరియాన్ పరీక్ష ప్రయోగాల్లో ఉచితంగా చోటిస్తామంటే ఇస్రో అందుకుంది. ఉచితమంటే ప్రమాదం కూడా మనదే. 1980 మేలో రెండో ఏరియాన్ మొదటి దశ ఇంజన్లలో ఒకదాంట్లో దహనం అదుపు తప్పి, మోసుకెళ్లిన ఉపగ్రహాలతో సహా సముద్రంలో పడిపోయింది. యాపిల్‌కు దక్కింది మూడో ప్రయోగం.

1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి అది బయల్దేరింది. పైన యూరప్ వాళ్ల వాతావరణ ఉపగ్రహం మీటియోశాట్-2, కింద ఏరియాన్ వాళ్ల కొలతల పెట్టె, నడుమ యాపిల్. అంటే 1.2 మీటర్ల వ్యాసం, 1.2 మీటర్ల ఎత్తున్న ఈ డ్రమ్ము ఆకారపు ఉపగ్రహం తన బరువే కాదు, నెత్తినున్న ఉపగ్రహం బరువు కూడా ప్రయోగపు కుదుపుల్లో మోయాలి.

రాకెట్ పని అక్కడికి సగమే. అది వదిలిపెట్టేది ఒక కొస భూమికి దగ్గరగా, మరో కొస 36,000 కిలోమీటర్ల దూరంలో ఉండే కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో. ఆ దూరపు కొసలో ఉపగ్రహం వేగం సెకనుకు 1.6 కిలోమీటర్లు, అక్కడే నిలకడగా తిరగాలంటే 3.07 కావాలి. ఆ తేడా పూడ్చింది యాపిల్‌లోనే ఉన్న మన అపోజీ మోటారు (అపోజీ అంటే ఆ దూరపు కొసే), ఎస్ఎల్‌వీ-3 నాలుగో దశ నుంచి మలచినది. ఘన ఇంధనం కాబట్టి ఒకసారి అంటుకుంటే ఆపడం ఉండదు. గురి ఒక్క డిగ్రీ తప్పినా సెకనుకు సుమారు 26 మీటర్ల వేగం పక్కదారి పడుతుంది. దాన్ని సరిదిద్దడానికి, తర్వాత ఏళ్ల తరబడి వాడుకోవాల్సిన హైడ్రజీన్‌లోంచే, అంటే ఉపగ్రహాన్ని అటూఇటూ నెట్టే చిన్న ఇంజన్ల ఇంధనంలోంచే ఖర్చుపెట్టాలి. అందుకే ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ మోటారు మండిన కొద్ది సెకన్లే.

దెబ్బ ఇంకోచోట తగిలింది. రెండు సౌర ఫలకాల్లో ఒకటి విచ్చుకోలేదు. కరెంటు తగ్గడం ఒక్కటే కాదు ఇబ్బంది. ముడుచుకున్న ఫలకం ఒంటికి దుప్పటిలా అతుక్కుంటే ఆ వైపు వేడి బయటికి పోదు. తెరుచుకున్నది ఒకవైపే ఉంటే సూర్యకాంతి ఒత్తిడి దాన్ని తెరచాపలా నెడుతుంది. ఉపగ్రహాన్ని నిలకడగా ఉంచే చక్రం ఆ నెట్టుడును తనలో పోగుచేసుకుంటూ పోతుంది. అది హద్దు దాటకముందే ఆ చిన్న ఇంజన్లను (థ్రస్టర్లు) నడిపి దించాలి. మళ్లీ హైడ్రజీనే. దీనికితోడు 102 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఏ ఉపగ్రహాన్ని వదిలేసినా భూమి ఆకారంలోని ఎగుడుదిగుళ్ల వల్ల పడమరగా, 75 డిగ్రీల వైపు జారుతుంది. దాన్నీ వెనక్కి నెడుతుండాలి.

అయినా యాపిల్ పనిచేసింది. 0.9 మీటర్ల డిష్, సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే రెండు ట్రాన్స్‌పాండర్లు. 6 గిగాహెర్ట్జ్ దగ్గర విని 4 దగ్గర తిరిగి పలికేది. టీవీ కార్యక్రమాల ప్రసారం, రేడియో కేంద్రాల అనుసంధానం వంటి ప్రయోగాలు దానిమీదే చేశారు. హైదరాబాద్ నుంచి దాన్ని అందుకోవాలంటే డిష్‌ను ఆగ్నేయానికి తిప్పి, 56 డిగ్రీల ఎత్తుకు లేపాలి.

అమెరికాలో కట్టించి 1982 ఏప్రిల్‌లో పంపిన మన మరో ఉపగ్రహం ఇన్శాట్-1ఎ ఆ సెప్టెంబరుకే ఆగిపోయింది. ఒంటి రెక్కతో యాపిల్ 1983 సెప్టెంబరు దాకా నడిచింది.