పచ్చిపాల చీజ్‌లో మందులకు లొంగని బ్యాక్టీరియా: ఏది చూడాలి, ఎలా చూడాలి

ఇటలీలో పర్మిజానో రెజ్జానో అనే గట్టి చీజ్‌ను పచ్చిపాలతోనే చేస్తారు. విరిచిన పాలను 55 డిగ్రీల దాకా వేడిచేసి, ముద్దను ఉప్పునీటిలో నానబెట్టి, కనీసం 12 నెలలు మాగబెడతారు. ఇంత జరిగాక ఇంకేం మిగులుతుందిలే అనుకుంటాం. ఎంటరోకాకస్ అనే బ్యాక్టీరియా మిగలగలదు. అది 60 డిగ్రీల వేడిని అరగంట తట్టుకుంటుంది, 6.5 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది. పశువు పేగుల్లో ఉండేది పేడ అంటిన పొదుగు మీదుగా పాలలో పడుతుంది. మందులకు (యాంటీబయాటిక్‌లకు) లొంగని గుణం ఉందా అని వెతికేటప్పుడు మొదట పట్టుకోవాల్సింది దీన్నే.

లొంగనిదల్లా ప్రమాదం కాదు. చీజ్‌ను మాగబెట్టే లాక్టోబాసిల్లస్ జాతుల్లో చాలావాటికి వాన్కోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు. వాటి కణగోడ నిర్మాణమే అంత. ఆ గుణం పక్క బ్యాక్టీరియాకు పాకదు. దీన్ని చూసి బెంబేలెత్తే వార్తల్ని పక్కన పెట్టేయొచ్చు. ఎంటరోకాకస్‌లో టెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను అడ్డుకునే టెట్‌-ఎం జన్యువు సంగతి వేరు. అది తరచుగా ట్రాన్స్‌పోజాన్ (చోటు మారగల డీఎన్ఏ ముక్క) మీద కూర్చుని ఉంటుంది, ఒక కణం నుంచి మరో కణానికి దూకగలదు.

పరీక్షకు 10 గ్రాముల చీజ్‌ను 90 మిల్లీలీటర్ల 2 శాతం సోడియం సిట్రేట్ ద్రావణంలో కలపాలి. ద్రావణాన్ని ముందే 45 డిగ్రీలకు వేడిచేసి ఉంచితే కొవ్వు సరిగ్గా విడిపోతుంది. చల్లగా ఉంటే గడ్డల్లో ఇరుక్కున్న కణాలు లెక్కకు రావు. పదో వంతు చొప్పున పలచన చేసి ఎంటరోకాకస్‌ను పెంచే స్లానెట్జ్-బార్ట్లే అగర్ మీద పోస్తే దాని ఎర్రటి కాలనీలు (గుంపులు) కనిపిస్తాయి. ఎక్కువగా జరిగే పొరపాటు: ఒకే ప్లేటు నుంచి ఇరవై కాలనీలు తీసి, అన్నీ టెట్రాసైక్లిన్‌కు లొంగలేదని రాసేయడం. అవి ఒకే స్ట్రెయిన్ (ఒకే వంశం) పిల్లలు కావచ్చు. ముందు డీఎన్ఏ వేలిముద్రలతో వేరుచేసి, తర్వాతే శాతాలు కట్టాలి. లాక్టోబాసిల్లస్ మందుకు లొంగుతుందా అని చూడటానికి మామూలు ముల్లర్-హింటన్ మాధ్యమం కుదరదు, చాలా స్ట్రెయిన్లు అందులో సరిగ్గా పెరగవు. పెరగకపోవడాన్ని మందు పనితనం అనుకుంటే మొత్తం ఫలితం తప్పు.

అసలు జాగ్రత్త పడాల్సిన చోటు మాత్రం పశువుల కొట్టమే. పొదుగువాపుకు పెన్సిలిన్ ఎక్కించిన ఆవు పాలను, మందు వాడాక పాలు పక్కన పెట్టాల్సిన గడువు తీరకముందే మిగతా పాలలో కలిపితే రెండు నష్టాలు. ఐరోపాలో పాలలో బెంజైల్‌పెన్సిలిన్ హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. అది దాటితే తోడుగా వేసే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ మందగించవచ్చు. పులుపు ఆలస్యమై, కోలిఫామ్‌లు (పేగుల్లో ఉండే రకం బ్యాక్టీరియా) పెరిగి ముద్ద ఉబ్బుతుంది. లొంగని కణాలకు ఖాళీ చోటు దొరుకుతుంది. పాలు మరిగించినా మందు అవశేషం పూర్తిగా పోదు, మన ఊళ్లలో కాచిన పాలకూ ఇదే వర్తిస్తుంది.

పాలలో మందు అవశేషాన్ని పట్టే డెల్వోటెస్ట్‌లో ఊదారంగు పసుపుగా మారితే పెన్సిలిన్ లాంటి మందులు పట్టుబడే స్థాయిలో లేనట్టు. ముర్రుపాలు, వాపున్న పొదుగు పాలు సహజ నిరోధకాల వల్ల మందు లేకపోయినా ఊదాగా నిలవొచ్చు. క్వినోలోన్లు అనే మరో రకం యాంటీబయాటిక్‌లను ఈ పరీక్ష సరిగ్గా పట్టదు, వాటికి వేరే పరీక్ష కావాలి.

అమెరికాలో పచ్చిపాల చీజ్‌కున్న 60 రోజులు మాగబెట్టాలనే నియమం రోగకారక క్రిముల కోసం పెట్టినది, మందులకు లొంగని ఈ జన్యువుల కోసం కాదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు మెత్తటి పచ్చిపాల చీజ్‌ను ప్రధానంగా లిస్టీరియా అనే రోగకారక క్రిమి వల్ల దూరం పెట్టాలి.