నిద్రపోతున్న దుంప

మా పెరటి గోడ వార అడవినాభి తీగ ఉంది. పొత్తిదుంప అన్నా, అగ్నిశిఖ అన్నా అదే. ఐదేళ్ల కిందట కడియం నుంచి ఒక్క దుంప తెచ్చి నాటాను. తొలకరికి మొలుస్తుంది. ఆకు కొసే సన్నని నులితీగై పందిరి పుల్లను చుట్టుకుంటుంది. పువ్వు ఆకుపచ్చగా విచ్చుకుని, పసుపు తిరిగి, చివరికి నిప్పురంగుకు వస్తుంది. ఆరు రెక్కలూ అంచులు మెలితిరిగి పైకి లేస్తాయి. తమిళనాడులో ఇది రాష్ట్ర పుష్పం. అక్కడ గింజల కోసం పొలాల్లో సాగు చేస్తారు, ఆ గింజల నుంచి కాల్చిసిన్ అనే మందు తీస్తారు. గౌట్ కీళ్లనొప్పులకు అదే మందు, మోతాదు మించితే అదే విషం. ఇదంతా నాకు తెలుసు. పూలున్నన్నాళ్లూ పక్కింటి పిల్లలను తీగ దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

పుష్యమాసానికి తీగ ఎండిపోయింది. మట్టి మార్చాలని దుంపలు తవ్వి, కడిగి, బుట్టలో వేసి వసారాలో ఆరబెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పువ్వు తన సంగతి తానే చెప్పుకుంటుంది. దుంప చెప్పదు.

ఆ సాయంత్రం భోగి. పండక్కి వచ్చిన అక్క చిలగడదుంపలు కాలుస్తూ, వసారాలో ఉన్నవీ సన్నరకమే అనుకుని నిప్పుల్లో వేసింది. ఉడికాయో లేదో చూద్దామని మొదట తిన్నది నేనే. ఒకటి పూర్తిగా, రెండోదానిలో సగం. చేదుగా ఉంది. పురుగు పట్టిన చిలగడదుంప చేదెక్కుతుంది కదా, అదే అనుకున్నాను. అక్క కొరికి ఉమ్మేసి, తక్కినవి పక్కన పెట్టేసింది. పిల్లలు ఇంకా మేడ మీద గాలిపటాలతోనే ఉన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

అర్ధరాత్రి వాంతులు మొదలయ్యాయి, వెంటనే నీళ్ల విరేచనాలు. తెల్లవారేసరికి నిలబడలేకపోయాను. ఆసుపత్రిలో కలుషితాహారమని సెలైన్ పెట్టారు. ఉదయం మావారు వసారాలో దాదాపు ఖాళీ అయిన బుట్ట చూసి, పక్కన పెట్టిన కాల్చిన దుంపల్లో ఒకటి సంచిలో వేసుకుని పరుగెత్తుకొచ్చారు. నాగలిలా రెండు కొమ్ములున్న దుంప. దీనికి లాంగలి అన్న పేరు రావడానికి కారణం ఆ ఆకారమే. దాన్ని చూడగానే డాక్టరు గారి ముఖం మారిపోయింది. ఐసీయూకి మార్చారు, బొగ్గుపొడి కలిపిన నీళ్లు తాగించారు.

కాల్చినా ఉడికించినా ఆ విషం పోదని ఆయనే చెప్పారు. దీనికి విరుగుడు మందు లేదు, శరీరం తట్టుకునేదాకా కాపు కాయడమే. కాల్చిసిన్ కణ విభజనను ఆపేస్తుంది. అందుకే పేగుల లోపొర, ఎముక మూలుగ, జుట్టు కుదుళ్లు, అంటే వేగంగా కణాలు పుట్టే చోట్లన్నీ ముందుగా దెబ్బతింటాయి. మూడో రోజుకు వాంతులు తగ్గితే గండం గడిచిందనుకున్నాను. అసలు గండం అప్పుడే మొదలైంది. ఐదో రోజుకు తెల్ల రక్తకణాలు 900కు, ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. నన్ను విడిగదిలో పెట్టి, కణాలు పెరగడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. అక్క అద్దం అవతల నిలబడి, "నా చేత్తో పెట్టానే" అని ఏడ్చింది. నాకు మాట్లాడే ఓపిక లేక తల అడ్డంగా ఊపాను. తప్పు నాది. చెప్పవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

తొమ్మిదో రోజు నుంచి లెక్కలు పెరిగాయి. పదమూడో రోజున ఇంటికి వచ్చాను. ఆ తరువాతి వారం దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేసింది. రాలుతుందని, మళ్లీ వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు. అయినా అద్దం చూసుకోలేకపోయాను. ఏప్రిల్‌కి నూగులా మొలిచింది.

తీగను పీకేయమని అందరూ అన్నారు. నాకు మనసొప్పలేదు. కాల్చనివి మూడు దుంపలు బుట్ట అడుగున మిగిలాయి. మృగశిర కార్తెలో చేతులకు తొడుగులు వేసుకుని, కొస విరగకుండా పడుకోబెట్టి నాటాను. మొలక ఆ కొస నుంచే వస్తుంది, అది విరిగితే ఆ దుంప ఇక పనికిరాదు. ఇప్పుడు చుట్టూ కంచె ఉంది. దుంపలు తవ్వాల్సి వస్తే అవి ఇంట్లోకి రావు, తాళం వేసిన రేకుపెట్టెలో ఇసుకలో ఉంటాయి. పెట్టె మూత మీద "విషం, తినరాదు" అని ఎర్ర రంగుతో అక్కే రాసింది.

మొన్న భోగికి ఫోను చేసి ఆమె అడిగిన మొదటి మాట, "దుంపలు ఎక్కడున్నాయే?"

"మట్టిలోనే ఉన్నాయక్కా, ఈ ఏడు తవ్వలేదు" అన్నాను.