పాపని కట్టుకుని గుణుపూర్ రైలెక్కాను

పాపకి మూడో నెల నిండగానే పర్లాకిమిడి నుంచి గుణుపూర్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరాను. చేతిలో బ్యాగు ఉందని, తమ్ముడు కొనిచ్చిన బేబీ క్యారియర్‌లో, అంటే బిడ్డని ఒంటికి కట్టుకునే పట్టీల సంచిలో, పాపని కట్టుకున్నాను. నడుం బెల్టు మరీ కిందకి కట్టి, భుజం పట్టీలు వదులుగా ఉంచేశాను. కాశీనగర్ దాటేసరికి పాప కిందకి జారిపోయి, గడ్డం ఛాతీకి ఆనిపోయింది. ఊపిరి గురగురమంటోంది. నా గుండె ఆగినంత పనైంది. వెంటనే తీసి ఒళ్లో పడుకోబెట్టాను.

ఇంటికెళ్లాక అమ్మ క్యారియర్‌ని ఎగాదిగా చూసి, "పాప కాళ్లు అలా వేలాడేస్తావేంటే? చంకనెత్తుకున్నప్పుడు ఎలా ఉంటాయో అలా ఉంచు" అంది. నిజమే. చంకనున్న పిల్ల కప్పలా ముడుచుకుంటుంది. మోకాళ్లు పిర్రల కంటే పైకి, ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా ఉంటాయి. బట్ట ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా తొడల్ని మోయాలి. తుంటి కీళ్లకి అదే మంచిది.

ఇప్పుడు బెల్టు నడుం దగ్గరే బిగిస్తున్నాను, బరువంతా భుజాల మీద పడట్లేదు. తల వంచితే పాప నెత్తి మీద ముద్దు పెట్టగలగాలి, గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి, ముక్కు నాకు కనబడాలి.

ముఖం బయటికి తిప్పమని ఆడపడుచు గోల. మెడ గట్టిగా నిలబడేదాకా కుదరదన్నాను. సంతకొచ్చే సవర ఆడవాళ్లలా వీపున కట్టుకోవాలని నాకూ సరదాయే, కానీ పాప తనంతట తాను కూర్చోవాలి కదా.

ఈ ఎండల్లో పలచని నూలు చొక్కా చాలు. అత్తయ్యగారు మాత్రం ఉన్ని టోపీ పెడతారు. వీధి మలుపు తిరగ్గానే తీసేస్తాను.