లింజ్‌లో ఒక్క అక్షరం

వియన్నాలో రైలెక్కిన గంటా పదిహేను నిమిషాలకు లింజ్‌లో దిగాను. డాన్యూబ్ నది ఒడ్డున ఉక్కు కర్మాగారాలతో బతికిన ఈ ఆస్ట్రియా పట్టణంలో, 1979లో హన్నెస్ లియోపోల్డ్‌సెడర్ అనే పాత్రికేయుడు, హెర్బర్ట్ ఫ్రాంకె అనే భౌతిక శాస్త్రవేత్త, మరో ఇద్దరు మిత్రులు కలిసి కళనూ సాంకేతికతనూ సమాజాన్నీ ఒకే వేదిక మీదికి తెచ్చే ఆర్స్ ఎలక్ట్రానికా ఉత్సవాన్ని ప్రారంభించారు. మనిషి దేహం, మనసు యంత్రంతో కలిసిపోయినప్పుడు ఏం జరుగుతుందో కళాకారులు ఎలా చూపుతున్నారో దగ్గరగా చూడాలన్నది నా చిరకాల కోరిక. ఆ ప్రశ్నను ఇన్నేళ్లుగా విడవకుండా అడుగుతున్న ఊరు కనుక, సెప్టెంబరు మొదటి వారంలో ఉత్సవం జరిగే రోజులే చూసుకుని బయలుదేరాను.

రైల్వే స్టేషన్‌ను ఆనుకునే పాత తపాలా పార్సిళ్ల కేంద్రం ఉంది. 2015లో మొదటిసారి ఉత్సవానికి వేదికైన ఆ భవనంలో, పై అంతస్తుల నుంచి పార్సిళ్లు జారవిడిచే మెలికల జారుడు గొట్టాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటి నడుమ వందలాది ప్రదర్శనలు. నిజం చెప్పాలంటే వాటిలో చాలా భాగం నన్ను ఆపలేకపోయాయి. చెయ్యి ఊపితే రంగులు మారే తెరలు, అడుగు వేస్తే వెలిగే నేలలు కంటికి ఇంపుగానే ఉన్నాయి కానీ, వాటిలో దేహం ఒక మీట మాత్రమే. దేహం ఏదైనా ఇచ్చుకోవలసి వచ్చిన పనులే నాకు గుర్తుండిపోయాయి.

అలాంటి పని ఒకటి మధ్యాహ్నం ఒక ప్రసంగంలో తెర మీద కనిపించింది. ఆస్ట్రేలియాకు చెందిన కళాకారుడు స్టెలార్క్ తన ఎడమ ముంజేతిలో పెంచుకున్న చెవి అది. 1980లో విద్యుత్తుతో నడిచే మూడో చేతిని తగిలించుకుని ప్రదర్శనలు ఇచ్చిన ఈయన, తర్వాత అంతకన్నా లోతుకు వెళ్ళాడు. చెవికి ఒప్పుకునే శస్త్రవైద్యులు దొరకడానికే ఏళ్ళు పట్టింది. 2006లో మొదలైన శస్త్రచికిత్సలలో ముంజేతి చర్మాన్ని సాగదీసి, కణజాలం అల్లుకునేలా రంధ్రాలున్న ప్లాస్టిక్ అచ్చును దాని కింద అమర్చారు. ఆ చెవి వినేదాన్ని ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్నవాళ్ళు కూడా వినాలన్నది సంకల్పం. అందుకోసం లోపల పెట్టిన చిన్న మైక్రోఫోన్ చుట్టూ చీము పట్టడంతో దాన్ని తీసేయవలసి వచ్చింది. 2010లో ఈ పనికి లింజ్‌లోనే, ఆర్స్ ఎలక్ట్రానికా ఇచ్చే గోల్డెన్ నికా పురస్కారం లభించింది. ఆ ఫోటోలో నేను ఎక్కువసేపు చూసింది చెవిని కాదు, దాని అంచున చర్మం లాగుకుపోయిన చోటును. యంత్రంతో కలయిక అనే మాటను మనం ఎంత తేలికగా వాడతామో, ఆ చర్మం దానికి ఎంత కష్టంగా ఒప్పుకుందో అక్కడ కనిపిస్తుంది. పుట్టుకతోనే రంగులు చూడలేని నీల్ హార్బిసన్ 2004 నుంచి పుర్రెలో పాతించుకుని తిరుగుతున్న యాంటెన్నాను గురించి కూడా వక్త చెప్పారు. రంగుల పౌనఃపున్యాలు ఎముక గుండా శబ్దాలై ఆయనకు వినిపిస్తాయి.

మరునాడు ఉదయం ట్రామ్‌లో నిబెలుంగెన్ వంతెన దాటి, నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఆర్స్ ఎలక్ట్రానికా కేంద్రం దగ్గర దిగాను. ఉత్సవం తరఫున ఏర్పాటు చేసిన ఒక చిన్న గదిలో, మెదడు అలలతో అక్షరాలు రాయించే ప్రయోగానికి పేరిచ్చాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన యువతి ముందుగా కనుబొమల నడుమ నుంచి తల వెనుక ఎముక గుబ్బ దాకా టేపుతో కొలిచి, సరిగ్గా సగం దగ్గర, నడినెత్తిన, పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టింది. ఆ తర్వాత గుండ్రటి బిళ్ళలు కుట్టిన బట్ట టోపీ తొడిగి, మొద్దు మొన ఉన్న సిరంజితో జుట్టును పాయలుగా తొలగిస్తూ ఒక్కో బిళ్ళ కింద చల్లటి జెల్ నింపింది. మెదడు నుంచి తలపైకి చేరే విద్యుత్తు మైక్రోవోల్టులలో, అంటే వోల్టులో పది లక్షల వంతులలో ఉంటుంది. నేను ఒక్కసారి పళ్ళు బిగించగానే తెర మీది సన్నని గీతలన్నీ నల్లటి మరకలై కలిసిపోయాయి. "దవడ వదులు చేయండి, ఏమీ చేయకండి" అంది ఆమె మెల్లగా.

తెర మీద అక్షరాల గళ్ళు వచ్చాయి. అడ్డు వరుసలు, నిలువు వరుసలు ఒక క్రమం లేకుండా తళుక్కుమంటున్నాయి. కావలసిన అక్షరం వెలిగినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకోవాలి, అంతే. ఎదురుచూస్తున్నది కనబడిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక చిన్న అల లేస్తుంది. దాన్నే పీ300 అంటారు. ఏ అడ్డు వరుసకు, ఏ నిలువు వరుసకు ఆ అల లేచిందో కంప్యూటర్ పదేపదే పోల్చి చూసి, ఆ రెండూ కలిసే గడిలోని అక్షరాన్ని రాస్తుంది. మొదటిసారి నేను ఆ అక్షరాన్ని నా సంకల్పంతో తెర మీదికి తోయాలని ప్రయత్నించాను. లెక్క తప్పింది, పక్క వరుసలోని అక్షరం పడింది. రెండోసారి తోయడం మానేసి ఊరికే లెక్కపెట్టాను. నా పేరులోని మొదటి అక్షరం తెర పైన నిలిచింది.

అది చదివింది నా ఆలోచనను కాదు. నా ఎదురుచూపు ఫలించిన క్షణాన్ని మాత్రమే అది పట్టుకుంది. యంత్రం మన మనసులో దూరిపోతుందన్న భయమూ, సంకల్పంతోనే లోకాన్ని కదిలిస్తామన్న ఆశా రెండూ ఆ కుర్చీలో నాకు కొంత సడలాయి. జర్మన్ కళాకారుడు ఆడి హోస్లె మెదడు శాస్త్రవేత్తలతో కలిసి ఇదే పద్ధతిని చిత్రలేఖనానికి మలిచారు. అక్షరాల స్థానంలో రంగులు, ఆకారాలు, కుంచె పరిమాణాలు ఉంటాయి. ఏఎల్ఎస్ వ్యాధితో కండరాలు ఒక్కొక్కటే పని మానేసిన మనుషులు ఒక్కో గడి కోసం ఇలాగే ఎదురుచూస్తూ బొమ్మలు వేశారు. నాకు ఒక్క అక్షరానికే మెడ పట్టేసింది. వాళ్ళు ఒక చుక్క పెట్టడానికి, దాని పక్కన ఇంకొకటి పెట్టడానికి ఎంత నిబ్బరం కావాలో ఊహించుకుంటే, ఆ బొమ్మల ముందు సాంకేతికతను మెచ్చుకోవడం అసలు విషయాన్ని వదిలేయడమే అనిపించింది.

టోపీ తీస్తూ ఆమె 1965 నాటి ఒక కచేరీని గుర్తుచేసింది. అమెరికా స్వరకర్త ఆల్విన్ లూసియర్ వేదిక మీద తలకు ఎలక్ట్రోడ్లతో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మనసు నెమ్మదించి కళ్ళు మూసుకున్నప్పుడు బలపడే ఆల్ఫా అనే మెదడు అలలను పెద్దవి చేసి స్పీకర్లలోకి పంపితే, వాటి అదురుకు డ్రమ్ములు, గాంగులు, తాళాలు మోగాయి. వాయించాలని తాపత్రయపడితే ఆల్ఫా తగ్గుతుంది, సంగీతం ఆగుతుంది. "అందుకే ఏమీ చేయకండి అన్నాను" అని ఆమె నవ్వింది.

తిరుగు ట్రామ్ వంతెన ఎక్కేసరికి చీకటి పడింది. కేంద్రం గాజు గోడల మీద మారుతున్న దీపాల రంగులు నదిలో చెదురుతున్నాయి. నడినెత్తిన జెల్ ఎండి జుట్టు రెండు పాయలుగా అట్టకట్టింది, గోటితో గీరితే తెల్లటి పొట్టు రాలింది. దాని కిందే ఎక్కడో ఆ పెన్సిల్ చుక్క ఉంది. తలస్నానం మరునాటికి వాయిదా వేశాను.