చికిత్స తర్వాతి నడకకు ఫోను తోడు

రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయ్యాక మా పిన్ని ఫోనులో వేసుకున్న నడక యాప్ మొదటి రోజే పదివేల అడుగుల లక్ష్యం చూపించింది. ఆ సంఖ్య 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే ఒక మీటరు పేరుతో ప్రచారంలోకి వచ్చిందే తప్ప, కీమోథెరపీతో నీరసించిన శరీరాన్ని చూసి వైద్యులు నిర్ణయించినది కాదు. ఇంగ్లండ్‌లో అప్పటి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ రూపొందించిన 'యాక్టివ్ 10' యాప్ నాకు నచ్చేది ఇందుకే: అది చురుకుగా నడిచిన నిమిషాలను లెక్కిస్తుంది, పది నిమిషాలు నడిచినా గుర్తిస్తుంది.

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 30 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం క్యాన్సర్ రోగుల్లో అలసటను, ఆందోళనను తగ్గిస్తుందని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. పెద్దపేగు క్యాన్సర్ రోగులు 889 మందితో జరిగి, 2025లో ఫలితాలు వెలువడిన 'ఛాలెంజ్' అధ్యయనంలో, మూడేళ్లపాటు శిక్షకుల తోడ్పాటుతో వ్యాయామం చేసినవారిలో వ్యాధి తిరగబెట్టడం తగ్గింది. అక్కడ వెన్నుతట్టింది మనుషులే కనుక, యాప్ ఒక్కటే చాలునని నేను అనుకోను.

పిన్ని లక్ష్యాన్ని తగ్గించి పెట్టాం. సాయంత్రాలు బాబాయి ఆమెతో కలిసి నడుస్తున్నారు. హిమోగ్లోబిన్ ఎంత పడిపోయిందో, వ్యాధి ఎముకలకు పాకిందో లేదో యాప్‌కు తెలియదు కనుక, ఎంత నడవాలన్నది ముందుగా ఆంకాలజిస్టును (క్యాన్సర్ వైద్యుణ్ణి) అడిగి తీరాలి.