లింగ్విస్టిక్స్ పరీక్షలకు ఎలా చదవాలి: నా ప్రిపరేషన్ అనుభవాలు

డిగ్రీలో లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) చదువుతున్నవాళ్ళు, చేరదామనుకుంటున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది "ఏ పుస్తకం చదవాలి, ఎన్నిసార్లు చదవాలి" అని. ఈ సబ్జెక్టు చదివితే వచ్చేది కాదు, చేస్తే వచ్చేది. లెక్కల పేపర్‌కి ఎలా కూర్చుంటారో దీనికీ అలాగే కూర్చోవాలి. చేతిలో పెన్సిలు, ముందు తెల్లకాగితం, దాని పక్కన ఏదో ఒక భాష డేటా ఉండాలి.

ఫోనీమ్ (అర్థాన్ని మార్చగల ధ్వని) అంటే ఏమిటి, మార్ఫీమ్ (పదంలో అర్థమున్న అతి చిన్న భాగం) అంటే ఏమిటి అని చిన్న ప్రశ్నలు వస్తాయి. వాటికి నిర్వచనం సరిపోతుంది. ఎక్కువ మార్కులు ఉండేది మాత్రం మనం పేరు కూడా వినని భాషలో కొన్ని పదాలిచ్చి, "ఈ రెండు ధ్వనులు వేర్వేరు ఫోనీమ్‌లా, ఒకే ఫోనీమ్‌కి అల్లోఫోన్‌లా? కారణాలు రాయండి" అని అడిగే ప్రశ్నకు. అల్లోఫోన్‌లంటే ఒకే ఫోనీమ్ చోటును బట్టి పలికే రకాలు. అక్కడ బట్టీ పట్టింది ఏదీ పనికిరాదు. జవాబు సరిగ్గా ఉన్నా, దానికి ఎలా వచ్చారో రాయకపోతే మార్కులు పడవు.

ముందు ఫొనెటిక్స్, అంటే ధ్వనుల ఉచ్చారణ సంగతి. మొదటి సెమిస్టర్‌లో ఐపీఏ చార్ట్ (భాషల ధ్వనులకు గుర్తులున్న అంతర్జాతీయ పట్టిక) చూడగానే చాలామంది బెదిరిపోతారు. తెలుగు చదువుకున్నవాళ్ళకు ఆ భయం అక్కర్లేదు. మన హల్లుల పట్టిక ఉచ్చారణ స్థానాల ప్రకారమే పేర్చి ఉంది. క వర్గం నోటి వెనక భాగంలో మొదలై, చ, ట, త మీదుగా ప వర్గంతో పెదవుల దగ్గరికి వచ్చేస్తుంది. ఒక్కో వరుసలో మళ్ళీ నాదం (గొంతులో కంపనం) లేనివి, ఉన్నవి, ఒత్తు ఉన్నవి, చివర అనునాసికం. ఐపీఏ చార్ట్ ఎడమవైపు పెదవులతో మొదలై కుడివైపు గొంతు దాకా వెళ్తుంది, అంతే తేడా. చిన్నప్పుడు నేర్చుకున్న ఆ 25 అక్షరాలను చార్ట్ మీద మీరే పెట్టి చూడండి. ఒక సాయంత్రం పని, సెమిస్టర్ అంతా అక్కరకొస్తుంది. చ, జ లను పెట్టేటప్పుడు కాస్త ఆగాలి. అవి అఫ్రికేట్లు (గాలిని ఆపి, రాపిడితో వదిలే ధ్వనులు) కాబట్టి ప్రధాన పట్టికలో వాటికి సొంత గడి ఉండదు.

ట్రాన్స్‌క్రిప్షన్‌కి, అంటే విన్నది ఐపీఏ గుర్తుల్లో రాయడానికి, చెవి తయారు కావాలి. మేము నలుగురం కూర్చునేవాళ్ళం. ఒకరు అర్థం లేని పదాలు కల్పించి పలికేవారు, మిగతావాళ్ళం ఐపీఏలో రాసేవాళ్ళం. పలికేవాళ్ళు మొహం గోడవైపు తిప్పుకోవాలని నియమం పెట్టుకున్నాం, ఎందుకంటే పెదవులు కనిపిస్తే చెవి పని చేయదు. అర్థం లేని పదాలే ఎందుకంటే, తెలిసిన పదమైతే మనసు స్పెల్లింగ్‌ని ముందుకు తోస్తుంది, విన్నది వెనకపడుతుంది. ఒక్కరే చదువుకునేవాళ్ళు ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గొంతు రికార్డు చేసి స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనికి బొమ్మ) చూడండి. స, శ ల మధ్య తేడా కళ్ళకు కనిపిస్తుంది.

ఫొనాలజీ (ఒక భాషలో ధ్వనుల అమరిక) దగ్గర నేను అందరికీ చెప్పేది, మొదటి డేటా సెట్ మీ నోట్లోనే ఉందని. అంకె, మంచి, గంట, వంతు, పంపు. ఐదింటిలోనూ రాసేది ఒకే సున్న. ఒక్కో పదాన్ని మెల్లగా పలుకుతూ సున్న దగ్గర ఆగండి. నాలుక ఎక్కడుంది? అంకెలో వెనక్కి పోయి అంగుడికి ఆనుతుంది, గంటలో కొస మడత పడుతుంది, వంతులో పళ్ళను తాకుతుంది, పంపులో నాలుకకు పనే లేదు, పెదవులు మూసుకుంటాయి. తర్వాత వచ్చే హల్లు ఎక్కడ పుడితే సున్న కూడా అక్కడే పుడుతోంది. ఒకటి వచ్చే చోట రెండోది రాదు. కాంప్లిమెంటరీ డిస్ట్రిబ్యూషన్ అనే మాట ఇలా అర్థమైతే ఇక మర్చిపోరు.

జవాబు రాసేటప్పుడు ముందు మినిమల్ పెయిర్ (ఒక్క ధ్వని తేడాతో అర్థం మారే జంట) కోసం వెతకండి. పాట, బాట దొరికాయంటే ప, బ వేర్వేరు ఫోనీమ్‌లు, అక్కడితో తేలిపోయింది. పడు, పాడు ఉంటే అచ్చు నిడివికి విలువ ఉన్నట్టే. దొరకకపోతే ప్రతి పదంలో ఆ ధ్వనికి ముందేముందో, తర్వాతేముందో రెండు నిలువు వరుసల్లో రాయాలి. ఆ వరుసలు గీయకుండా కంటితో చూసి చెప్పేద్దామని అనుకోవద్దు. చుక్క, చాప అన్నప్పుడు చాలామంది నోట వచ్చే చ వేరు, చిలుక, చేప అన్నప్పుడు వచ్చేది వేరు. ఇ, ఎ లాంటి, నాలుక ముందు భాగంతో పలికే అచ్చుల దగ్గర ఒకటి, మిగతా అచ్చుల దగ్గర ఇంకొకటి. సూత్రం చక్కగా కుదిరింది అనుకునేలోపు చాక్‌పీస్ అడ్డం వస్తుంది. అందులో 'ఆ' అనే అచ్చు ముందు కూడా చిలుకలోని చ నే పలుకుతాం. మంచి జవాబులో అప్పు పదాల (వేరే భాష నుంచి తెచ్చుకున్నవాటి) గురించి ఈ మాట కూడా ఉంటుంది.

మార్ఫాలజీకి (పదాల నిర్మాణం) తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలి డేటాతో చేసి చూపిస్తాను, పద్ధతి తెలుస్తుంది. నినసోమ అంటే చదువుతున్నాను. అనసోమ అంటే చదువుతున్నాడు లేదా చదువుతున్నది. నిలిసోమ అంటే చదివాను. అతసోమ అంటే చదువుతాడు. అర్థంలో ఒక్క తేడా మాత్రమే ఉన్న జంటను ముందు పట్టుకోండి. నినసోమ, నిలిసోమలలో మారింది కాలం ఒక్కటే, రూపంలో మారింది న, లి. నినసోమ, అనసోమలలో మారింది ఎవరు అన్నది, రూపంలో ని, అ. అన్నింటిలో మిగిలింది సోమ, అదే ధాతువు. అతసోమలో కొత్తగా కనిపించే త భవిష్యత్తు. "చదివాడు" అనడానికి ఏమంటారు అని చివర్లో అడిగితే అలిసోమ అని ధైర్యంగా రాయొచ్చు. మార్ఫీమ్‌ల పట్టిక వేసి, అవి ఏ వరుసలో వస్తాయో కింద ఒక్క లైను రాయడం మర్చిపోవద్దు. స్వాహిలిలో ఎవరు, ఎప్పుడు, ధాతువు అనే క్రమం. చదువుతాను అన్న మన మాటలో సరిగ్గా దానికి తలకిందులు. ఈ పోలిక చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం వల్లే ఈ సబ్జెక్టుతో ఉండిపోయాను.

ప్రాక్టీసుకి ఇంటర్నేషనల్ లింగ్విస్టిక్స్ ఒలింపియాడ్ పాత ప్రశ్నలు తీసుకోండి. 2003లో బల్గేరియాలో మొదలైన ఈ పోటీ స్కూలు పిల్లల కోసమే, కానీ ప్రశ్నలు డిగ్రీ వాళ్ళ బుర్రకు కూడా బాగా పదును పెడతాయి. పరిష్కారాలతో సహా ఉచితంగా దొరుకుతాయి. అవి అయిపోతే గుడి-గుళ్ళు, చెట్టు-చెట్లు, మనిషి-మనుషులు రాసుకుని బహువచనానికి సూత్రాలు కట్టండి. మనుషులులో షి కాస్తా షు ఎందుకయిందో వివరించగలిగితే అచ్చుల సామరస్యం (ఒక అచ్చు పక్క అచ్చులా మారడం) మీ చేతికి వచ్చినట్టే.

సింటాక్స్ (వాక్య నిర్మాణం) పేపర్ అంటే అందరికీ టెన్షన్. ట్రీలు (మాటలు ఎలా కలుస్తాయో చూపే చెట్టు బొమ్మలు) రోజూ వేయాలి, దానికి దగ్గరి దారి లేదు. "పాత పుస్తకాల షాపు" తీసుకోండి. పాతవి పుస్తకాలా, షాపా? రెండు అర్థాలు, రెండు ట్రీలు. ఒక ట్రీ వేసి వదిలేస్తే సగం జవాబే. ఒక భాగం నిజంగా ఒక యూనిట్ అని చెప్పడానికి దాన్ని మొత్తంగా ఇంకో మాటతో మార్చి, లేదా జరిపి చూపించాలి. తప్పు వాక్యాలు కూడా స్టార్ గుర్తు పెట్టి రాయండి. ఏది కుదరదో చూపించినప్పుడే ఏది కుదురుతుందో రుజువవుతుంది. ఇంకో సంగతి, 1957లో అమెరికన్ భాషావేత్త చామ్‌స్కీ మొదలుపెట్టిన వాక్య నిర్మాణ సిద్ధాంతం తర్వాత చాలాసార్లు రూపం మార్చుకుంది. మీ క్లాసులో ఏ రూపం చెప్పారో దాన్నే పట్టుకోండి. మూడు పుస్తకాల నుంచి మూడు రకాల ట్రీలు కలిపేస్తే పేపర్ దిద్దేవాళ్ళకు ఏమీ అర్థం కాదు.

వ్యాసరూప ప్రశ్నల్లో సంవత్సరాలు గుర్తుంటే మంచిదే. 1786లో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ల బంధుత్వం గురించి మాట్లాడాడు. 1816లో ఎల్లిస్ అనే బ్రిటిష్ అధికారి దక్షిణాది భాషలు వేరే కుటుంబమని చూపించాడు, వాటి మీద కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది ఆ తర్వాత 1856లో. కానీ సంవత్సరాల పక్కన డేటా ఉండాలి. గ్రిమ్ సూత్రం (పాత ప ధ్వని ఇంగ్లిష్ లాంటి భాషల్లో ఫ కావడం లాంటి మార్పులు) గురించి రాస్తూ లాటిన్ పిస్కిస్, ఇంగ్లిష్ ఫిష్; లాటిన్ పతెర్, ఇంగ్లిష్ ఫాదర్ అని రెండు జంటలు పెడితే ఒక పేజీ వర్ణన కన్నా బలంగా ఉంటుంది.

సోషియోలింగ్విస్టిక్స్‌లో (సమాజానికీ భాషకూ ఉన్న సంబంధం) 1962 నాటి అమెరికన్ భాషావేత్త లబోవ్ అధ్యయనాన్ని లోతుగా చదవండి. న్యూయార్క్‌లో ఖరీదైనది, మధ్యస్థం, చవకైనది అని మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఎంచుకుని, నాలుగో అంతస్తులో ఉన్న వస్తువు ఎక్కడుందని ఉద్యోగులను అడిగాడు. "ఫోర్త్ ఫ్లోర్" అని జవాబు రాగానే వినపడనట్టు మళ్ళీ అడిగించుకున్నాడు. మామూలుగా అన్నప్పుడు, ఒత్తి చెప్పినప్పుడు ర్ పలుకుతున్నారా లేదా అన్నది అతనికి కావలసింది. ఖరీదైన స్టోర్‌లో ర్ ఎక్కువ, చవకదానిలో తక్కువ. తమ ఉచ్చారణను ఎవరో గమనిస్తున్నారని వాళ్ళకు తెలియకుండానే డేటా వచ్చేసింది. ఏ ప్రశ్న అడిగినా, పద్ధతి ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ ఆదుకుంటుంది.

క్లాస్ నోట్స్‌ని చిన్నచూపు చూడకండి. స్విస్ భాషావేత్త సస్యూర్ 1913లో చనిపోతే, 1916లో ఆయన పేరుతో వచ్చిన పుస్తకం ప్రధానంగా విద్యార్థుల నోట్స్ నుంచి కూర్చిందే. టీచర్ బోర్డు మీద డేటా విప్పుతున్నప్పుడు చివరి సూత్రం ఒక్కటే కాకుండా, మధ్యలో వేసి కొట్టేసిన ఊహలు కూడా రాసుకోండి. పరీక్షలో అడిగే "ఇంకో విశ్లేషణ ఎందుకు కుదరదు" అన్న ప్రశ్నకు సమాధానం వాటిలోనే ఉంటుంది.

పరీక్ష హాల్లో డేటా ప్రశ్నను మొదటే చదివి, చిత్తు పని కాసేపు చేసి, తర్వాత మిగతావి మొదలుపెట్టండి. వేరే జవాబు రాస్తుంటే కూడా బుర్ర దాని మీద పని చేస్తూనే ఉంటుంది. ఇచ్చిన పదాల్లో ఒకటి మీ సూత్రానికి లొంగకపోతే దాన్ని దాచేయొద్దు. ఆ పదం ఏదో, ఎందుకు లొంగడం లేదో, ఇంకే డేటా ఉంటే తేలుతుందో రెండు లైన్లలో రాయండి. దానికి మార్కులిస్తారు.