గ్రానైట్ కంటే ముందు వేస్ట్ పైపు

మా ఫ్లాట్లో వంటగది మొత్తం పీకి కొత్తగా చేయిస్తున్నాం, ఈసారి డిష్‌వాషర్ కూడా పెట్టిస్తున్నాం. మాడ్యులర్ కిచెన్ వాళ్లు లామినేట్ రంగుల గురించి గంటలు గంటలు చెప్తారు గానీ, సింకు కింద నీళ్లు ఎటు పోతాయని అడిగితే "అది మీ ప్లంబర్ చూసుకుంటాడు మేడమ్" అంటారు. ప్లంబరేమో డ్రాయర్లు ఎక్కడొస్తాయో తెలియకుండా పాయింటు ఎక్కడ పెట్టమంటారని నన్నే అడుగుతాడు. ఇద్దరినీ ఒకే రోజు పిలిచి, టైల్స్ వేయకముందే పైపు దారంతా గోడ మీద సుద్దతో గీయించాను. మీరు ఇంకేం చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

ముందు వాటం, అంటే పైపు వాలు లెక్క. నేల కింద పైపు వేయడానికి లేదు, అది కింది వాళ్ల సీలింగు. కాబట్టి సింకు నీళ్లు గోడ వెంబడే యుటిలిటీ పక్కనున్న డక్టు (అన్ని అంతస్తుల పైపులూ కిందికి దిగే సందు) దాకా పోవాలి, దాదాపు 3 మీటర్లు. మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాటం కావాలి, అంటే డక్టు దగ్గర 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న పైపు సింకు కిందకొచ్చేసరికి 22 దాకా లేస్తుంది. ఇక పైనుంచి చూస్తే గట్టు ఎత్తు 86, సింకు లోతుకు 25, సింకు రంధ్రానికి బిగించే వేస్ట్ కప్లింగు, దాని కింద కొన్ని నీళ్లు నిలిపి వాసన పైకి రాకుండా ఆపే బాటిల్ ట్రాప్ కలిపి ఇంకో పాతిక, మిగిలేది 36. సరిపోయింది. కానీ ఆ పైపు దారిలో ఉన్న డ్రాయర్లన్నీ వెనకవైపు కొంచెం పొట్టిగా చేయాలి, ఈ మాట వడ్రంగికి ముందే చెప్పకపోతే తర్వాత పైపునే వంకర తిప్పేస్తారు. మూల తిరిగే చోట ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు వేయించి, అక్కడే తీసి శుభ్రం చేసుకునే మూత ఒకటి పెట్టించాను. మన సింకులోకి పోయేది ఉత్త నీళ్లా? గంజి, దోసెల పిండి, పులుసు జిడ్డు, కరివేపాకు రెబ్బలు.

డిష్‌వాషర్ మెషీన్ నీళ్లు బయటికి పోయే పైపు దగ్గర పెద్ద వాదనే అయింది. "నహానీ ట్రాప్‌లో పడేస్తే పోతుంది మేడమ్, వాషింగ్ మెషీన్‌కి అట్లనే కదా" అన్నాడు ప్లంబరన్న. నహానీ ట్రాప్ అంటే నేల మీది నీళ్లు పోయే జాలీ రంధ్రం. నేను ఒప్పుకోలేదు. పైపు చివర మెషీన్లోని నీటి మట్టం కంటే కిందికి ఉంటే, నీళ్లు నిండుతుండగానే వాటంతట అవే జారిపోతుంటాయి, గిన్నెలు కడగడానికి లోపల నీళ్లే నిలవవు. నేను అడిగింది పక్కన ముక్కు ఉన్న బాటిల్ ట్రాప్. ఆ ముక్కు ట్రాప్‌లో నిలిచే నీళ్లకు పైన ఉండాలి. మెషీన్ పైపును గ్రానైట్ కిందిదాకా ఎత్తి, అక్కడ గోడకు క్లిప్ కొట్టి, తర్వాత ముక్కుకు దించాలి. ఆ ఎత్తు లేకపోతే సింకు జామ్ అయిన రోజు ఎంగిలి నీళ్లు వెనక్కి మళ్లి కడిగిన గిన్నెల మీదికొస్తాయి. ఇంకో చిన్న సంగతి, కొన్ని ట్రాపుల్లో ఆ ముక్కు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది కోయకుండా పైపు బిగిస్తే చుక్క కూడా పోదు, మెషీన్ పాడైందనుకుని కంపెనీకి ఫోన్లు చేస్తుంటారు.

ఆర్వో వృథా నీటి సన్న గొట్టం కూడా ఇక్కడికే వస్తుంది. దాన్ని మాత్రం ట్రాప్‌లో కలపకుండా యుటిలిటీలో బకెట్టుకు మళ్లించాను, నేల తుడవడానికి పనికొస్తాయి.

సింకుతో పాటు ఉచితంగా ఇచ్చే ముడతల గొట్టం వద్దన్నాను. ఆ ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది, పైగా కడాయిలు తోమే ప్రోగ్రామ్‌లో నీళ్లు 70 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆ వేడికి పల్చటి ప్లాస్టిక్ మెత్తబడి మధ్యలో కుంగుతుంది. గట్టి పీవీసీయే వేయించాను, ఖర్చులో తేడా పెద్దగా లేదు.

మెషీన్ సింకు పక్క అరలోనే వస్తుంది, పైపుకు అతుకులు పెట్టి పొడిగించే పని లేదు. 16 యాంప్స్ ప్లగ్గు మెషీన్ వెనక కాకుండా పక్క అరలో పెట్టించాను, మెషీన్ లాగకుండానే స్విచ్ తీయొచ్చు. వచ్చే వారం సింకు బిగించగానే రెండు తొట్లూ నింపి ఒకేసారి వదిలి, అతుకుల కింద పాత పేపర్లు పరిచి చూస్తాం. అవి పొడిగా ఉంటేనే వెనక చెక్క మూయనిస్తానని వడ్రంగికి ఇప్పుడే చెప్పేశా.